ఈస్టర్ దాకా

ఊళ్ళో క్రైస్తవులందరూ ఈస్టర్ ఎప్పుడొస్తుందా అని ఎదురు చూసేవారు. నాకేమో ఆ పండుగ దగ్గరపడుతున్నకొద్దీ అన్నం సయించేది కాదు. ఇది నలుగురిలో చెప్పుకునే సంగతా? ప్రభువు సమాధిలోంచి లేచిన రోజంటే నీకు భయమేమిటే ఎస్తేరమ్మా అని ఎవరైనా నిలదీస్తే తలొంచుకోవాల్సిందే. కానీ మా ఆయన ఏసుదాసుతో ఒక్క ఏడాది కాపురం చేసి చూడమనండి, వాళ్ళకే తెలుస్తుంది.

మా ఆయన తాగేవాడు. పెళ్ళి కాకముందు నుంచీ తాండూరులో బండలు పాలిష్ పట్టే మిషన్ మీద పని. ఆ తెల్ల దుమ్ము గొంతు దిగాలంటే మందు పడాల్సిందేనని ఆయన వాదన. అదే మిషన్ దగ్గర అదే దుమ్ము మింగి, సాయంత్రం ఒక చాయ్ తాగి ఇంటికి పోయేవాళ్ళు నాకు బోలెడుమంది తెలుసు. వాళ్ళ పేర్లు ఎత్తితే నవ్వేసేవాడు. కొట్టడు, తిట్టడు, గిన్నెలు విసరడు. తాగొచ్చి గోడవైపు తిరిగి పడుకుంటాడు, అంతే. కొట్టినా బాగుండు, నలుగురిని పిలిచి పంచాయితీ అయినా పెట్టేదాన్ని అని ఎన్నిసార్లు అనుకున్నానో. మంచివాడితో కొట్లాడటం ఎంత కష్టమో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

అయితే ఏటా ఈస్టర్‌కు ముందొచ్చే నలభై శ్రమదినాలు మొదలయ్యే భస్మ బుధవారం నాడు నుదుటి మీద బూడిద గుర్తు పెట్టించుకొని గుడి మెట్లు దిగాడంటే, ఇక ఈస్టర్ దాకా చుక్క ముట్టేవాడు కాదు. మా చర్చిని మేం గుడి అనే అంటాం. కాపలా అక్కర్లేదు, బతిమిలాడటం అక్కర్లేదు. ఈ పద్ధతి మా అత్తమ్మ శాంతవ్వ నేర్పింది. మా మామ కూడా బతికినంతకాలం ఇట్లాగే ఏడాదికి నలభై రోజులు దేవుడికి ఇచ్చి, మిగతా రోజులు తన దగ్గరే ఉంచుకున్నాడట. దేవునికి ఇచ్చిన మాట నా కొడుకు ఒక్కనాడు తప్పలేదని అత్తమ్మ వాడకట్టంతా చెప్పుకొని మురిసిపోయేది. నిజమే, తప్పలేదు. ఈస్టర్ నాడు తెల్లవారుజామున గుడిలో డోలక్ కొట్టి, మధ్యాహ్నం మటన్ తిని, పొద్దుగూకక ముందే వైన్స్ దగ్గర తేలేవాడు. అది కూడా ఒక్క ఏడూ తప్పలేదు.

ఆ నలభై రోజులు మాత్రం మా ఇంటికి వేరే మనిషి వచ్చేవాడు. కారే నల్లా బాగుచేసేవాడు. పని నుంచి వస్తూ తర్బూజ చంకలో పెట్టుకొచ్చి, కోసి, తియ్యటి నడిమి ముక్క వాళ్ళ అమ్మకు పెట్టేవాడు. నేను అంగన్వాడీలో టీచర్ని. అక్కడి పిల్లల చేష్టలు చెబుతుంటే పగలబడి నవ్వేవాడు. ఈ మనిషి నా మొగుడే కదా, మిగతా రోజుల్లో ఎక్కడికి పోతాడు అని లోపల్లోపల కుమిలిపోయేదాన్ని. సంతోషంలో కూడా ఏడుపు కలిపి పెట్టడం ఆయనకే చేతనవును.

ఒక ఏడు చలి ఇంకా పోకముందే పని దగ్గర నెత్తురు కక్కుకున్నాడు. ఆయనతో పాటు పనిచేసే వెంకటేశం ఆటోలో వేసుకొని ఇంటికి తెస్తే, అదే ఆటోలో బస్టాండు దాకా, అక్కడి నుంచి వికారాబాదు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మా బిడ్డ బిందు వికారాబాదులోనే నర్సింగ్ చదువుతోంది, ఆ ఆసుపత్రిలోనే వాళ్ళకు డ్యూటీలు వేస్తారు. పరీక్షలన్నీ చేసి డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. లివర్ చెడిపోయింది, ఇప్పటికి ఆగింది, ఇక తాగితే మళ్ళీ నెత్తురు పడుతుంది, అప్పుడు మా చేతుల్లో ఉండదు అని నిదానంగా చెప్పాడు. బిందు అర్థమైనట్టు తల ఊపింది. నాకు ఆ డాక్టరు నిదానం చూస్తేనే భయమేసింది.

ఇంటికొచ్చాక ఆయన ఏమన్నాడో తెలుసా? శ్రమదినాలు రానీ, బంద్ చేస్త అన్నాడు. శ్రమదినాలు రావడానికి ఇంకా నెల పైనే ఉంది. ఆ నెలంతా దొంగచాటుగా కొంచెం కొంచెం తాగుతూనే ఉన్నాడు. నేను మొత్తుకున్నాను, తిండి మానేశాను, మా అన్నను మోమిన్‌పేట నుంచి పిలిపించాను. మా అన్న రెండు మంచి మాటలు చెప్పి, భోజనం చేసి, బస్సెక్కి పోయాడు. చివరికి భస్మ బుధవారం వచ్చింది, ఆయన నుదుటి మీద బూడిద పడింది, ఆ రోజు నుంచి వాసన కూడా చూడలేదు. అది చూసి నాకు సంతోషం కంటే కోపమే ఎక్కువ వచ్చింది. నేను ఏడ్చి మొత్తుకుంటే ఆగని చెయ్యి చిటికెడు బూడిదకు ఆగింది.

మట్టల ఆదివారానికి గుడికి కావాల్సిన ఈత మట్టలు తెచ్చే పని ఏటా ఆయనదే. బషీరాబాదు దారిలో కల్లు గీసే ఈతవనం ఉంది, అక్కడికి ఆటో కట్టించుకొని పోయేవాడు. ఆ ఏడు నాకు నమ్మకం చాలక నేనూ వెంట పోయాను. గీసే ఆయనకు మా వాడు పాత గిరాకీ. ఎండలో పడి వచ్చిన్రు, జర గొంతు తడుపుకోమని అప్పుడే దించిన కుండ ముందు పెట్టాడు. ఆ తియ్యటి పులుపు వాసన నాకే ముక్కుపుటాలకు తగిలింది. మా ఆయన కుండ వైపు చూసి, నవ్వి, పండుగ అయినంక వస్తనన్నా అని చెప్పి మట్టలు మోపు కట్టుకున్నాడు. తాగనందుకు మెచ్చుకోవాలో, పండుగ అయ్యాక వస్తానన్నందుకు నెత్తి బాదుకోవాలో తెలియక మోపుకు ఇంకో ముడి వేసి ఆటో ఎక్కాను.

వెంకటేశం హిందువే కానీ మా పండుగల లెక్క మాకంటే బాగా తెలుసు. శ్రమదినాల్లో ఆదివారాలు నలభై లెక్కలోకి రావని ఎక్కడ విన్నాడో, మట్టల ఆదివారానికి చాలా ముందే ఒక ఆదివారం సాయంత్రం వచ్చి, ఇయ్యాల సెలవే గదా దాసన్నా అని కన్ను గీటాడు. లెక్కలోకి రాకపోయినా మాట మాటేనని ఈయన వాడికి చాయ్ పోయించి పంపించాడు. అది చూసినప్పుడే నాకు ఆలోచన తట్టింది. ఈ మనిషి నాకోసం ఆగడు, డాక్టరు కోసం ఆగడు, చావుకు భయపడి కూడా ఆగడు. దేవునికి మాట ఇస్తే మాత్రం ఆగుతాడు. అయితే ఆ మాటే ఇంకొంచెం పొడుగ్గా ఇప్పిస్తే సరిపోదా? ఇంత చిన్న సంగతి ఇన్నేళ్ళు తట్టనందుకు నా మీద నాకే నవ్వొచ్చింది.

ముందు అత్తమ్మను అడిగాను. వాకిట్లో చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. నువ్వు నేర్పిన మొక్కే కదా, ఈసారి ఈస్టర్‌తో ఆపొద్దని, ఏడాది పొడుగునా మొక్కుకోమని కొడుక్కి చెప్పు అన్నాను. ఆమె చేతిలో పని ఆపకుండానే విన్నది.

“వాళ్ళ నాయినను నేనట్లనే అడిగిన బిడ్డా” అంది చివరికి. “నీకు మస్తు ఆశనే, దేవునికి గూడ అంత ఆశ లేదు అన్నడు. ఇగ మళ్ళ అడగలే.”

కొడుకునైనా అడగమని పోరాను. నలభై దినాలు కూడా పోతాయేమోనని నాకు భయం అంది. ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది కానీ, ఆమె మొహం చూస్తే ఏమీ అనబుద్ధి కాలేదు.

ఇక మిగిలింది మత్తయ్య అయ్యగారు. మా గుడికి పాస్టరుగా వచ్చి మూడేళ్ళయింది, వేసవి చివర్లో బదిలీ అవుతుందని అప్పటికే తెలుసు. నెమ్మదస్తుడు. ఎవరి మీదా గొంతెత్తడు. శ్రమదినాల్లో వారానికొక ఇంట్లో ప్రార్థన కూడిక పెడతారు. మా ఇంటి వంతు వచ్చిన సాయంత్రం శనగల గుడాలు ఉడకబెట్టి, చాప పరిచి, అందరికంటే ముందే అయ్యగారిని రమ్మని కబురు పెట్టి సంగతంతా చెప్పాను. ఆయన కాసేపు కళ్ళు మూసుకొని, ప్రయత్నం చేస్తానమ్మా అన్నారు.

పాటలయ్యాయి. మా ఆయన డోలక్ పక్కన పెట్టి చేతులు తుడుచుకుంటుండగా అయ్యగారు అందరి ముందూ అడిగారు. దాసు ప్రతి ఏటా చేసే తీర్మానం మనందరికీ తెలుసు, ఈ ఏడాది క్రిస్మస్ దాకా చేస్తే దేవునికి ఇంకా మహిమ కదా అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేను అందరికంటే గట్టిగా అన్నాను. మా ఆయన లేచి నిలబడ్డాడు. ఇక ఒప్పుకుంటాడనే అనుకున్నాను.

“అయ్యగారూ, మీరంటే నాకు మస్తు గౌరవం” అన్నాడు. “ఇంతదనక దేవునికి ఇచ్చిన మాట ఒక్కటి తప్పలే నేను. తప్పుత అని తెలిసినంక ఆ మాట ఆయనకెట్ల ఇయ్యాలె? గా పని నాతోని చేపియ్యకున్రి.”

గుడాల పళ్ళాలు చేతుల్లో పట్టుకొని అందరూ అట్లాగే కూర్చుండిపోయారు. అయ్యగారు ఏమంటారు పాపం, నిజం చెప్పేవాడిని అబద్ధం ఆడమనలేరు కదా. ప్రార్థన చేసి ముగించారు. పోయేటప్పుడు గుమ్మం దగ్గర నాతో, ఇంత యథార్థంగా మాట్లాడే విశ్వాసిని నేను చూడలేదమ్మా అన్నారు. ఆ యథార్థతే నా పుస్తె తెంపబోతోందని అరవాలనిపించింది. వందనాలు అయ్యగారూ అని పంపించాను.

అందరూ పోయాక ఊరుకోలేదు. నలభై రోజులు ఉన్నవాడివి ఆ మర్నాడు ఎందుకు ఉండలేవు అని పట్టుకున్నాను. ఆయన చాప చుట్టి మూలకు నిలబెట్టాడు. ఆ తర్వాత, నలభై దినాలంటే అవతలి ఒడ్డు కనబడుతుంది, ఎట్లన్నా ఈదుకొని పోతా, బతికినన్ని దినాలంటే ఒడ్డే కనబడదు ఎస్తేరూ, మునిగిపోతా అన్నాడు. ఇప్పుడు మాత్రం తేలుతున్నావా అన్నాను.   ఆయన అబద్ధమాడుతుంటే పట్టుకొని నిలదీయడం నాకు అలవాటు, నిజం చెప్పేసరికి చేతులు కట్టేసినట్టయింది.

గుడ్ ఫ్రైడేకి బిందు వచ్చింది. ఎండలు అప్పటికే దంచుతున్నాయి. గుడిలో మధ్యాహ్నమంతా ఆరాధన, ఫ్యాన్లు తిరుగుతున్నా చెమటలు కారిపోతున్నాయి. మా ఆయన ఉపవాసంతోనే డోలక్ ముందు కూర్చున్నాడు. బిందు ఆరాధనలో ఉన్నంతసేపూ వాళ్ళ నాయిన కళ్ళలోని పచ్చదనం వైపే చూస్తోంది. నర్సింగ్ చదివే బిడ్డ ఇంట్లో ఉంటే ఇదొక బాధ, మనకు కనబడనివన్నీ ఆమెకు కనబడతాయి. ఇంటికొచ్చాక నా చెయ్యి పట్టుకొని, నేనడుగుతానమ్మా, నా మాట కాదనడు అంది. అడగమన్నాను. ఇంకా ఎవరున్నారు కనుక అడగడానికి?

మర్నాడు శనివారం సమాధులకు సున్నం వేసే రోజు. ఈస్టర్ తెల్లవారుజామున కొవ్వొత్తులు పెట్టాలంటే ముందురోజే సమాధులన్నీ కడిగి సున్నం వేసుకోవాలి. పొద్దున్నే ముగ్గురం పోయాం. మా మామ సమాధి చుట్టూ గడ్డి నేను పీకుతుంటే, ఆయన బకెట్లో సున్నం కలిపి కుంచెతో వేస్తున్నాడు. బిందు శిలువ మీద మామ పేరుకు నల్ల రంగు దిద్దుతూ, దిద్దుతూ ఆగింది.

“నాయినా, రేపటి సంది గూడ తాగనని నాకు మాటియ్యి” అంది. “దేవునికి ఇయ్యకు. నాకియ్యి చాలు.”

నేను గడ్డి పట్టుకొని అట్లాగే ఉండిపోయాను. ఆలోచిస్తాడనుకున్నాను, ఏదో ఒకటి చెప్పి దాటేస్తాడనుకున్నాను. ఆయన కుంచె బకెట్లో పెట్టి, చెయ్యి లుంగీకి తుడుచుకొని, బిడ్డ తల మీద పెట్టాడు.

“ఇచ్చిన బిడ్డా. ఫికర్ చెయ్యకు” అన్నాడు.

బిందు కళ్ళు తుడుచుకొని నవ్వింది. ఆయనా నవ్వాడు.  పదిమంది ముందు అయ్యగారు అడిగితే ఇవ్వని మాట, కూతురు అడగ్గానే అంత తేలిగ్గా ఎట్లా ఇచ్చాడు? నాకు ఇచ్చిన మాటలు నాకు గుర్తున్నాయి. పెళ్ళైన కొత్తలో ఇచ్చినవి, బిందు పుట్టినప్పుడు ఇచ్చినవి, నెత్తురు పడిన నాడు మంచం మీద ఇచ్చినవి. ఒక్కటీ నిలబడలేదు. దేవునికి ఇచ్చే మాట ఒకటి, ఇంట్లో వాళ్ళకు ఇచ్చేది ఒకటి ఆయన దగ్గర. బిందుకు ఇచ్చింది ఏ రకానిదో నాకు అప్పుడే తెలిసిపోయింది. కానీ ఆ పిల్ల అంత సంతోషంగా ఉంటే ఆ మాట ఎట్లా చెప్పను? వంగి మళ్ళీ గడ్డి పీకాను.

ఈస్టర్ వచ్చింది. చీకటి విడవకముందే సమాధుల దగ్గర ఆరాధన, తర్వాత పాటలు పాడుకుంటూ గుడి దాకా ఊరేగింపు. మా ఆయన డోలక్ మెడకు వేసుకొని ముందు నడిచాడు. ఇంటికొచ్చి మటన్ వండాను. తిన్నాడు. మధ్యాహ్నం దాటాక వెంకటేశం గేటు దగ్గర నిలబడి, పండుగ అయిపాయె గదా దాసన్నా అని పిలిచాడు. నేను వంటింట్లో గిన్నె పట్టుకొని వింటున్నాను, అత్తమ్మ దేవుని పటం ముందు కూర్చొని వింటోంది, బిందు తలుపు పక్కన నిలబడి వింటోంది. ఆయన పోలేదు. వాడికే ఒక గిన్నెలో మటన్ పెట్టించి ఇచ్చి, లోపలికొచ్చి పడుకున్నాడు. నేను వంటింట్లో నేల మీద కూలబడి కొంగు నోట్లో పెట్టుకొని ఏడ్చాను.

సోమవారం తాగలేదు. ఆ వారమంతా తాగలేదు. బిందు వికారాబాదు పోయి రోజూ ఫోను చేసేది, ముందు నాతో మాట్లాడేది, తర్వాత నాయినకు ఇయ్యమనేది. తర్వాతి ఆదివారం అత్తమ్మ గుడిలో నిలబడి సాక్ష్యం చెప్పింది. నా పెనిమిటి చెయ్యలేంది నా కొడుకు చేసిండంది. అందరూ స్తోత్రం అన్నారు. నాకూ మెల్లమెల్లగా నమ్మకం కుదిరింది. నాదే తప్పనుకున్నాను, మనిషి మారడా ఏమిటి, నా అనుమానం పాడుగాను అనుకున్నాను. ఒక సాయంత్రం ఆయనే తీసుకుపోతే కోట్‌పల్లి చెరువు చూసొచ్చాం. కట్ట మీద కూర్చొని మక్క కంకులు తిన్నాం. ఈస్టర్ దాటాక ఆయన పక్కన నవ్వుతూ కూర్చోవడం నా బతుకులో అదే మొదటిసారి.

మే నెల నడుమ ఒక సాయంత్రం పని నుంచి కొంచెం ఆలస్యంగా వచ్చాడు. చెప్పులు వాకిట్లో విడిచి, రోజూ చేసినట్టు అత్తమ్మ దగ్గర కూర్చోకుండా, నేరుగా నల్లా దగ్గరికి పోయి చాలాసేపు మొహం కడుక్కున్నాడు. సోంపు నములుతున్నాడు. నేను తువ్వాలు అందించాను. తీసుకున్నాడు కానీ నా వైపు చూడలేదు. 

“కొంచమే” అన్నాడు అడక్కముందే.

కారణం కోసం ఎంత వెతికానో. పని దగ్గర ఏమైనా జరిగిందా, ఎవరైనా ఏమైనా అన్నారా, వెంకటేశం లాక్కుపోయాడా? వెంకటేశం ఆ వారం ఊళ్ళోనే లేడు. ఏమీ జరగలేదు. మామూలు రోజు, మామూలు ఎండ. ఇంటికొచ్చే దారిలో వైన్స్ ఉంది, అంతకుముందు రోజు కూడా ఉంది. కాసేపటికి బిందు ఫోను చేసింది. ఆయన ఫోను అందుకొని, మంచిగున్న బిడ్డా, తిన్న, నువ్వు తిన్నవా అని ఎప్పటిలాగే మాట్లాడాడు. అత్తమ్మకు అర్థమైంది. ఆమె ఆ రాత్రి అన్నం ముట్టలేదు, తర్వాతి ఆదివారం గుడికీ రాలేదు. సాక్ష్యం చెప్పిన నోటితో ఎట్ల పోవాలె అంది.

ఆ తర్వాత దాచడం కూడా మానేశాడు. అయ్యగారి బదిలీ అయిపోయింది, పోయేముందు వచ్చి ప్రార్థన చేసి నా చేతులు పట్టుకొని క్షమించమ్మా అన్నారు, ఎందుకో ఆయనకే తెలియాలి. బిందు సెలవు పెట్టి వచ్చి బతిమిలాడింది. బంద్ చేస్త బిడ్డా, రేపటి సంది అన్నాడు. నేను ఆయన చెప్పులు దాచాను, తలుపుకు తాళం వేశాను, ఒకరోజు వైన్స్ ముందుకే పోయి అందరి ముందూ చెయ్యి పట్టుకొని లాక్కొచ్చాను. దారి పొడుగునా చిన్నపిల్లాడిలా వెంట నడిచాడు. మర్నాడు మళ్ళీ అక్కడే ఉన్నాడు.

తొలకరి ఇంకా పడలేదు, నెత్తురు మళ్ళీ పడింది. ఈసారి చాలా. వికారాబాదు ఆసుపత్రిలో చేర్చాం. సెలైన్ ఎక్కిస్తున్నారు, నెత్తురు ఎక్కిస్తున్నారు. పొట్ట ఉబ్బింది, కళ్ళు పసుపు పూసినట్టున్నాయి. మొదటిసారి నిదానంగా మాట్లాడిన ఆ డాక్టరు ఈసారి ఎక్కువ మాట్లాడలేదు. చేసేదంతా చేస్తున్నామమ్మా అని బిందు భుజం తట్టి పోయాడు. నేను ఆ పిల్ల మొహంలో ఏమైనా దొరుకుతుందేమోనని చూశాను. ఆమె తల తిప్పుకుంది.

మర్నాడు మధ్యాహ్నం బిందు డ్యూటీ నుంచి నర్సు బట్టల మీదే వచ్చింది. సెలైన్ సరిచేసి, ఆయన పెదాలు తడి గుడ్డతో తుడిచి, పక్కన స్టూలు మీద కూర్చుంది. ఎంతోసేపు ఆపుకున్నట్టుంది, ఇక అడిగేసింది. కోపంతో కాదు, నొప్పి ఎక్కడుందో అడిగినంత మెల్లగా అడిగింది.

“దేవునికి ఇచ్చిన మాట ఒక్కసారి గూడ తప్పలే గద నాయినా. నాకిచ్చింది ఎట్ల తప్పినవ్?”

“నువ్వయితే మాఫ్ చేస్తవని తెలుసు బిడ్డా” అన్నాడు. “అందుకే నీకిచ్చిన.”

“దేవుడు చెయ్యడా?”

ఆయన పైన తిరిగే ఫ్యాను వైపు చూశాడు. “ఏమో. ఆయనతోని గంతదనక ఎన్నడు రానియ్యలే” అన్నాడు.

 బిందు దుప్పటి మడత సరిచేస్తూ, చేసిన నాయినా, మాఫ్ చేసిన అంది. నేను వరండాలోకి పోయి నిలబడ్డాను. క్షమాపణ మీద ఎన్ని పాటలకు డోలక్ కొట్టాడో ఈ మనిషి. ఆ పాటలన్నీ ఆయన చేతులకే తగిలాయి కానీ చెవుల్లో పడలేదా? ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. ఆయన మీద తెచ్చుకుందామంటే ఆ ఒంట్లో అంత మనిషి మిగల్లేదు.

సాయంత్రం అత్తమ్మ మంచం పక్కన నేల మీద కూర్చొని ప్రార్థన చేయబోతుంటే ఆయన చెయ్యి కదిలించి పిలిచాడు.

“అవ్వా, జర ఆగు. నేనొక మాటిస్త.”

ఎవరికి కొడకా అని అడిగింది అత్తమ్మ.

“దేవునికి. ఇగ తాగ. ఈస్టర్ దాకా అని కాదు. ఇగ ఎన్నడు ముట్ట.”

అత్తమ్మ రెండు చేతులూ పైకెత్తి స్తోత్రం స్తోత్రం అంటూ ఏడ్చేసింది. విన్నవా ఎస్తేరు, నా కొడుకు దేవునికి మాటిస్తుండు, ఇగ భయం లేదు అని నా చీర పట్టుకొని లాగింది. పక్క మంచం వాళ్ళకు కూడా చెప్పింది. విన్నాను. బిందు వాళ్ళ నాయిన మణికట్టు పట్టుకొని నాడి చూస్తోంది, వంచిన తల ఎత్తలేదు. తప్పుతానని తెలిసిన మాట ఆయన దేవునికి ఇవ్వడు. ఇప్పుడు ఇస్తున్నాడంటే, ఇక తప్పే అవకాశం లేదని ఆయనకు తెలిసిపోయింది. ఆ మాట కోసం శ్రమదినాల నుంచీ నేను పట్టుకోని కాళ్ళు లేవు. ఇప్పుడు చెయ్యి అడ్డం పెట్టి ఆయన నోరు మూసెయ్యాలనిపించింది.

“వద్దయ్యా, ఇయ్యకు” అన్నాను.

ఆయన అప్పటికే కళ్ళు మూసుకొని ప్రభువా అని మొదలుపెట్టాడు.